డ్రైవు తిరుగుతుండగానే డిస్కులు దాచుకుందాం

సొంతంగా కొనుక్కున్న సినిమా, గేమ్ డిస్కులకి బ్యాకప్ తీసుకోవడం ఎలా? ఏ డిస్కుకి ఏ సాఫ్ట్‌వేర్ నప్పుతుంది? దేన్ని నమ్మొచ్చు?

2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ సినిమా వీసీడీని 28 రూపాయలకి, డీవీడీని 34 రూపాయలకి అమ్మకానికి పెట్టింది. అంతవరకూ పైరసీ డిస్కుతో సరిపెట్టుకున్న మధ్యతరగతి ఇళ్లు ఆ ధర చూసి ఒరిజినల్ కొనడం మొదలుపెట్టాయి. నెల సరుకులతో పాటు ఓ పాత ఎన్టీఆర్ సినిమా కూడా సంచిలో పడిన రోజులవి. తర్వాత ఆ కంపెనీ అప్పుల్లో కూరుకుపోయింది. 2018లో దాన్ని మూసేసి ఆస్తులు అమ్మేయమని కంపెనీ లా ట్రైబ్యునల్ ఆదేశించింది. ఆ డిస్కులు మాత్రం ఇంకా మన బీరువాల్లో, టీవీ కింది అరల్లో, అటక మీది అట్టపెట్టెల్లో ఉన్నాయి.

కరువవుతున్నవి వాటిని ఆడించే యంత్రాలే. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే చోటే ఉండటం లేదు. అమెరికాలో పాతికేళ్లపాటు పోస్టులో డిస్కులు పంపిన నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరు 29తో ఆ పని ఆపేసింది. ఖాళీ బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరిలో నిలిపేసింది. అదృష్టం ఏమిటంటే, యూఎస్‌బీతో తగిలించుకునే డీవీడీ డ్రైవులు ఇప్పటికైతే రెండు వేల రూపాయలకి కాస్త అటూఇటూగా దొరుకుతున్నాయి. అవి దొరుకుతున్నప్పుడే ఈ పని చేసుకోవాలి.

ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని చాలామంది అడుగుతుంటారు. పేరు చెప్పే ముందు ఒక మాట చెప్పాలి. డిస్కులో ఉన్నది ఉన్నట్టుగా, ఒక్క బైటు కూడా మారకుండా బయటికి తీసిపెట్టుకోవడం మొదటి పని. సైజు తగ్గించడం, ఫోన్‌లో చూసుకునేలా మార్చడం రెండో పని. ఈ రెంటినీ ఒకే బటన్‌తో చేసేస్తామని ఊరించే ప్రోగ్రాముల దగ్గరే మనం నష్టపోతాం. కుదించిన కాపీ ఒక్కటే మిగిలి, డిస్కు పాడైపోతే ఇక ఆ సినిమా అసలు నాణ్యతలో మనకి మళ్లీ రాదు.

పెళ్లి డిస్కుతో మొదలుపెట్టండి

షాపులో కొన్న సినిమా డిస్కూ, స్టూడియో వాళ్లిచ్చిన పెళ్లి డిస్కూ ఒకేలా మెరుస్తాయి. తయారీలో మాత్రం పోలికే లేదు. సినిమా డిస్కుని ఫ్యాక్టరీలో అచ్చు పోస్తారు. సమాచారం ప్లాస్టిక్‌లో అతి సన్నటి గుంటలుగా పడుతుంది, దాని మీద అల్యూమినియం పూత వేస్తారు. పెళ్లి డిస్కులో గుంటలుండవు. రంగు పొర మీద లేజర్ కాల్చిన మచ్చలే ఉంటాయి. ఎండకీ వేడికీ ఆ రంగు చెడిపోతుంది. అందుకే ఇంట్లో అన్నిటికంటే ముందు పోయేది పెళ్లి డిస్కు. సినిమా ఇంకెక్కడైనా దొరకొచ్చు. తలంబ్రాలు పోస్తుంటే అమ్మమ్మ నవ్విన నవ్వు ఇంకెక్కడా దొరకదు.

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. పెళ్లి డీవీడీకి కాపీని అడ్డుకునే తాళాలేవీ ఉండవు. తెరిస్తే 'వీడియో టీఎస్' అనే ఫోల్డరు, అందులో దాదాపు 1 జీబీ చొప్పున ముక్కలు చేసిన వీవోబీ ఫైళ్లు కనిపిస్తాయి. చాలామంది ఆ ముక్కల్ని ఒక్కొక్కటిగా పెన్‌డ్రైవ్‌లోకి లాగేసి, చివరి ముక్క కాపీ కాకపోయినా గమనించరు. అప్పగింతలు ఉండేది ఆ ముక్కలోనే. ముక్కల జోలికి పోకుండా మొత్తం డిస్కుని ఒకే ఐఎస్ఓ ఫైలుగా తీయడం మేలు. విండోస్‌లో ఈ పనికి ఇమ్‌గ్‌బర్న్ అనే ఉచిత ప్రోగ్రాము ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేస్తోంది. వచ్చిన ఫైలుని వీఎల్‌సీ ప్లేయర్లో తెరిస్తే మెనూతో సహా డిస్కు ఆడినట్టే ఆడుతుంది.

డిస్కు పెడితే ఖాళీ అని చూపించిందా? వెంటనే పారేయకండి. హ్యాండీక్యామ్‌లోనో, ఇంటి డీవీడీ రికార్డర్‌లోనో రాసిన డిస్కుని చివర్లో 'ఫైనలైజ్' చేయకపోతే కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టదు. లోపల బొమ్మ ఉంటుంది. ఐసోబస్టర్ అనే ప్రోగ్రాము ఇలాంటివాటిని చదవగలదు. దాని పూర్తి స్థాయి సౌకర్యాలకి డబ్బు కట్టాలి. కానీ ముందు ఉచితంగా దింపుకుని లోపల ఏమేమి కనిపిస్తున్నాయో చూశాకే కొనాలో వద్దో తేల్చుకోవచ్చు.

వీసీడీ సంగతి వేరు

తెలుగు ఇళ్లల్లో డీవీడీల కంటే వీసీడీలే ఎక్కువ. రెండు డిస్కులు, కొన్నిసార్లు మూడు. ఇంటర్వెల్ దగ్గర లేచి మార్చాలి. 1993లో వచ్చిన ఈ పద్ధతిలో ఒక డిస్కులో సుమారు 74 నిమిషాల బొమ్మ పడుతుంది. వీసీడీకి తాళం లేదు, అది మంచిదే. ఇబ్బంది ఇంకోచోట ఉంది. మామూలు డేటా సీడీలో ఏ అక్షరమైనా చెదిరితే సరిదిద్దుకోవడానికి అదనపు సమాచారం ఒక పొరగా ఉంటుంది. బొమ్మకి ఎక్కువ చోటు దక్కాలని వీసీడీలో ఆ పొరని వదిలేశారు. అందుకే చిన్న గీత పడ్డా బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంది, సినిమా ఉండే 'డ్యాట్' ఫైలుని కాపీ చేయబోతే కంప్యూటర్ మధ్యలోనే మొరాయిస్తుంది.

ఇంకో చిక్కు. వీసీడీని ఐఎస్ఓగా తీస్తే సరిగ్గా రాదు. ఐఎస్ఓలో ఒక్కో సెక్టారుకి, అంటే డిస్కులోని ఒక్కో చిన్న ముక్కకి, 2048 బైట్లే పడతాయి. వీసీడీ బొమ్మ సెక్టారులో 2324 బైట్లుంటాయి. కాబట్టి 'బిన్', 'క్యూ' అనే జంట ఫైళ్లుగా తీయాలి. ఇమ్‌గ్‌బర్న్ డిస్కు రకాన్ని చూసి తనే ఆ పద్ధతికి మారుతుంది. ఐఎస్ఓ అన్ని డిస్కులకీ సరిపోతుందని చెప్పే సలహాని వీసీడీల విషయంలో పక్కన పెట్టేయండి.

సీడీల గురించి అందరూ తెలుసుకోవాల్సిన సంగతి మరొకటుంది. సమాచారం ఉండే పొర మెరిసే వైపు ఉందనుకుంటాం. నిజానికి అది బొమ్మ ఉన్న వైపుకే దగ్గరగా, వార్నిష్ లాంటి పల్చటి పూత కింద ఉంటుంది. పైన స్టిక్కర్ అంటించి పీకినా, బాల్‌పెన్నుతో నొక్కి పేరు రాసినా ఆ పొర లేచిపోతుంది. కింది వైపు గీతల్ని పాలిష్ పెట్టి కొంత బాగు చేసుకోవచ్చు. పై పొర లేచిందంటే ఇక ఎవరూ చేయగలిగింది లేదు. డీవీడీలో 0.6 మిల్లీమీటర్ల పలకలు రెంటిని అతికించి సమాచారాన్ని మధ్యలో పెట్టారు. ఆ మేరకు అది గట్టి పిండం.

తాళం, చట్టం

సినిమా డీవీడీల్లో చాలావాటికి సీఎస్ఎస్ అనే తాళం ఉంటుంది. 40 బిట్ల బలహీనమైన తాళం అది. 1999లో డీసీఎస్ఎస్ అనే ప్రోగ్రాము దాన్ని విప్పేసింది. అందులో పాలుపంచుకున్న జాన్ లెక్ యోహాన్సెన్ అనే నార్వే కుర్రాడికి అప్పుడు పదిహేనేళ్లు. అక్కడి కోర్టులో కేసు నడిచింది. తను కొనుక్కున్న డిస్కుని తను చూడటం నేరం కాదంటూ 2003లో కింది కోర్టూ పై కోర్టూ అతణ్ని నిర్దోషిగా వదిలేశాయి. ఈ రోజు వీఎల్‌సీ మన డీవీడీని ఏ కంప్యూటర్లోనైనా ఆడిస్తోందంటే అలాంటి పని వల్లే.

మన దేశంలో చట్టం ఏమంటోంది? 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం సొంత వాడకం కోసం సముచితంగా వాడుకోవడం ఉల్లంఘన కిందికి రాదు. కంప్యూటర్ ప్రోగ్రాములకి ఈ క్లాజు వర్తించదు. వాటికి వేరే క్లాజు ఉంది. చట్టబద్ధంగా ప్రోగ్రాము కాపీ చేతిలో ఉన్నవాళ్లు అది పోకుండా, పాడవకుండా తాత్కాలిక రక్షణగా బ్యాకప్ తీసుకోవచ్చు. 2012 సవరణతో 65ఏ సెక్షన్ వచ్చింది. హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో డిజిటల్ తాళం తీస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఇక్కడ ఉద్దేశమే కీలకం. సొంత డిస్కుకి ఇంట్లో దాచుకోవడానికి కాపీ తీసుకున్న మనిషిని శిక్షించడానికి ఈ సెక్షన్ పెట్టలేదని నా అవగాహన. అద్దెకి తెచ్చిన డిస్కు, పక్కింటి నుంచి అడిగి తెచ్చిన డిస్కు, కాపీ తీసి అసలుది అమ్మేసిన డిస్కు ఈ లెక్కలోకి రావు. తీసిన కాపీని వాట్సాప్ గ్రూపులో పెడితే అది పైరసీయే.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగువాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ చట్టం ప్రకారం తాళం విప్పడమే నిషిద్ధం, డిస్కు సొంతమైనా సరే. డీవీడీ కాపీ ప్రోగ్రాము అమ్మిన 321 స్టూడియోస్ అనే కంపెనీ 2004లో కోర్టులో ఓడి ఆ ఏడాదే మూతపడింది. రియల్‌నెట్‌వర్క్స్ తెచ్చిన రియల్‌డీవీడీ అనే అలాంటి ప్రోగ్రామునే 2009లో కోర్టు ఆపేసింది. బ్రిటన్‌లో సొంత కాపీకి 2014 అక్టోబరులో అనుమతి ఇచ్చారు, 2015 జులైలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అమెరికాలో ఉండేవాళ్లకి తాళం లేని డిస్కులు, పెళ్లి డిస్కులు, వీసీడీలతో ఈ తాళం ఇబ్బంది లేదు.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతికొస్తే, సినిమా డిస్కులకి నేను మొదట చెప్పే పేరు మేక్‌ఎంకేవీ. పేరుకి తగ్గట్టే డిస్కులోని సినిమాని ఎంకేవీ ఫైలులోకి మారుస్తుంది. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, అది బొమ్మనీ శబ్దాన్నీ ముట్టుకోదు. ఉన్నదాన్ని ఉన్నట్టే కొత్త పెట్టెలోకి సర్దుతుంది. తెలుగు ఆడియో, డబ్బింగ్ ఆడియో, ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు అన్నీ అలాగే ఉంటాయి. డీవీడీలకి ఉచితం. బ్లూరేకి కూడా ఏళ్లుగా బీటా పేరుతో ఉచితంగానే ఇస్తున్నారు, బీటా కీ మాత్రం అప్పుడప్పుడూ మార్చుకోవాలి. అన్నట్టు, మనం కొనే డ్రైవుకి రీజియన్ కోడ్ ఐదుసార్లే మార్చుకునే వీలుంటుంది. అమెరికా నుంచి తెచ్చిన రీజియన్ 1 డిస్కులూ, ఇక్కడ కొన్న రీజియన్ 5 డిస్కులూ కలిపి ఉంటే ఒక రకం మొత్తం పూర్తిచేశాకే రెండో రకం మొదలుపెట్టండి.

గీతలు పడ్డ డిస్కు దగ్గర

మామూలు ప్రోగ్రాములు గీత దగ్గర ఆగిపోయి, ఒకే చోట పదేపదే ప్రయత్నించి, చివరికి చేతులెత్తేస్తాయి. డ్రైవు కూడా గరగరమంటూ వేడెక్కిపోతుంది. జీఎన్‌యూ డీడీరెస్క్యూ నడిచే తీరు వేరు. లినక్స్‌లో వాడే ఈ ఉచిత ప్రోగ్రాము మొదటి విడతలో తేలిగ్గా వచ్చేదంతా తీసేసుకుంటుంది. ఇబ్బంది పెట్టిన చోటుని దాటేసి ముందుకెళ్తుంది. ఒక పొర డీవీడీలో సుమారు 23 లక్షల సెక్టార్లుంటాయి. వాటిలో ఏవి వచ్చాయో, ఏవి రాలేదో 'మ్యాప్ ఫైలు'లో రాసుకుంటూ పోతుంది. రెండో విడతలో వదిలేసిన చోట్లకే తిరిగొచ్చి చిన్నచిన్న ముక్కలుగా చదువుతుంది.

అసలు బలం ఆ మ్యాప్ ఫైలులోనే ఉంది. మధ్యలో ఆపేసి, డిస్కు తీసి శుభ్రం చేసి, మళ్లీ అక్కణ్నుంచే మొదలుపెట్టొచ్చు. అదే డిస్కుని ఇంకో డ్రైవులో పెట్టి అదే మ్యాప్ ఫైలు చూపిస్తే, మొదటి డ్రైవుకి రాని సెక్టార్లని మాత్రమే రెండోది ప్రయత్నిస్తుంది. ఒక డ్రైవు చదవలేనిది మరొకటి చదవడం చాలా మామూలు. మీ అన్నయ్య ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్ డ్రైవు ఇందుకు పనికొస్తుంది, పారేయొద్దని చెప్పండి. తాళం ఉన్న డీవీడీ అయితే ముందు దాన్ని వీఎల్‌సీలో కాసేపు ఆడించండి. డ్రైవు ఆ డిస్కుకి గేటు తెరిచాకే డీడీరెస్క్యూకి సెక్టార్లు అందుతాయి.

శుభ్రం చేసేటప్పుడు గుడ్డని గుండ్రంగా తిప్పకండి. మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత సమాచారం వెళ్లే దారి వెంటే పడుతుంది, దాన్ని సరిదిద్దుకోవడం డ్రైవుకి కష్టం. కాస్త సబ్బునీళ్లు, మెత్తటి నూలు గుడ్డ చాలు. టూత్‌పేస్టు వైద్యం ఆఖరి ప్రయత్నంగానే, అదీ మెరిసే వైపు మాత్రమే.

ఆట డిస్కులు

ఇంజినీరింగ్ కాలేజీ హాస్టళ్లలో, ఊళ్లోని నెట్ సెంటర్లలో పెరిగిన తరానికి ఆట డిస్కులు సినిమా డిస్కుల కంటే తక్కువేం కాదు. బ్యాకప్‌లో ఎక్కువ దెబ్బతినేదీ ఇవే. 1996లో వచ్చిన క్వేక్ డిస్కునే తీసుకోండి. అందులో ఆట డేటాగా, సంగీతం పాటల సీడీలో ఉన్నట్టు ఆడియో ట్రాకులుగా ఉంటాయి. ఐఎస్ఓ తీస్తే ఆట వస్తుంది, సంగీతం రాదు. ఆట నడుస్తుంది కాబట్టి ఏం పోయిందో కూడా తెలియదు. ఇలాంటి వాటికీ బిన్, క్యూ జంటే సరైనది.

2000 ప్రాంతంలోని పీసీ గేములకి సేఫ్‌డిస్క్, సెక్యూరోమ్ లాంటి కాపలాలు పెట్టారు. విచిత్రం ఏమిటంటే 2015లో విండోస్ 10 వచ్చాక భద్రతా కారణాలతో మైక్రోసాఫ్ట్ సేఫ్‌డిస్క్ డ్రైవర్‌ని తీసేసింది. దాంతో డబ్బిచ్చి కొన్న అసలు డిస్కులే నడవకుండా పోయాయి. అలాంటి ఆట మీ దగ్గరుంటే గాగ్ లాంటి ఆన్‌లైన్ గేమ్ దుకాణాల్లో అదే ఆట కాపలా లేకుండా తక్కువ ధరకి దొరుకుతుందేమో ముందు చూడండి. డిస్కుతో కుస్తీ పట్టడం కంటే అదే తేలిక. ఇంకో ముఖ్యమైన మాట: డిస్కు కవరు మీదో, పుస్తకం వెనకో అచ్చువేసిన సీడీ కీని ఫొటో తీసి అదే ఫోల్డర్లో పెట్టండి. కీ పోతే ఎంత మంచి బ్యాకప్ అయినా ఆట ఇన్‌స్టాల్ కాదు.

ప్లేస్టేషన్ 2 డిస్కులు మామూలు కంప్యూటర్ డ్రైవులోనే చదువుకుంటాయి, ఇమ్‌గ్‌బర్న్ చాలు. వీటిని దాచాలని నేను గట్టిగా చెప్పడానికి కారణముంది. 2009లో ప్లేస్టేషన్ 2కి వచ్చిన 'హనుమాన్: బాయ్ వారియర్' హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ తయారుచేసింది. అదే ఏడాది కబడ్డీ, గిల్లీదండా లాంటి మన ఆటలతో వచ్చిన 'దేశీ అడ్డా' కూడా హైదరాబాద్‌లోని గేమ్‌శాస్త్ర పనే. మన ఊళ్లో కూర్చుని మనవాళ్లు కన్సోల్‌కి తయారుచేసిన తొలి ఆటల్లో ఇవి ఉన్నాయి. ఎవరింట్లోనైనా ఆ డిస్కు ఉంటే అది చరిత్రే. వాటిని పీసీఎస్ఎక్స్2 అనే ఎమ్యులేటర్లో ఆడుకోవచ్చు. దానికి కావాల్సిన బయోస్ మాత్రం మీ సొంత కన్సోల్ నుంచే తీసుకోవాలి.

కాపీ సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? ప్రతి ఫైలుకీ వేలిముద్ర లాంటి ఒక సంఖ్య ఉంటుంది, చెక్‌సమ్ అంటారు. ఒక్క బిట్ మారినా ఆ సంఖ్య మారిపోతుంది. రీడంప్ అనే స్వచ్ఛంద ప్రాజెక్టు వేలకొద్దీ గేమ్ డిస్కుల చెక్‌సమ్‌లని నమోదు చేసి అందరికీ అందుబాటులో ఉంచింది. మీ కాపీ సంఖ్య వాళ్ల సంఖ్యతో కలిస్తే ఇక అనుమానమే లేదు. ఎవరి ఇళ్లల్లో వాళ్లు కూర్చుని, పైసా ఆశించకుండా ఇంత ఓపికగా చేస్తున్న ఈ పనికి నేను చేతులెత్తి దండం పెడతాను.

అన్నీ దక్కుతాయని మాత్రం చెప్పలేను. 'ది క్రూ' అనే కార్ల ఆట సర్వర్లని యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. డిస్కు కొన్నవాళ్ల చేతిలో డిస్కు ఉంది, ఆట లేదు. అసలు సరుకు సర్వర్లో ఉండే ఇలాంటి ఆటల్ని ఏ బ్యాకప్ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు.

నమ్మకం ఎవరి మీద?

ఏ ప్రోగ్రాము కోసం వెతికినా ముందు కనిపించేవి 'టాప్ 10' జాబితాలు. వాటిలో చాలామటుకు ఏదో ఒక డీవీడీ రిప్పర్ అమ్మే కంపెనీ రాయించుకున్నవే. ఉచితం అంటారు, దింపుకున్నాక సగం సినిమాయే మారుస్తుంది, మిగతా సగానికి డబ్బు కట్టమంటుంది. 'జీవితకాల లైసెన్సు' అన్న మాటనీ నమ్మకండి. ఎనీడీవీడీ అనే తాళం విప్పే ప్రోగ్రాము అమ్మిన స్లైసాఫ్ట్ 2016లో మూతపడింది. దాన్ని రెడ్‌ఫాక్స్ పేరుతో కొనసాగించినవాళ్లు 2024లో కనిపించకుండా పోయారు. సర్వర్‌ని అడిగి పనిచేసే ప్రోగ్రాము ఆ సర్వర్ పోయిన రోజునే పోతుంది.

మంచి ప్రోగ్రామునైనా దాని సొంత సైటు నుంచే దింపుకోవాలి, అప్పుడు కూడా చెక్‌సమ్ సరిచూసుకోవాలి. 2017 మే మొదటి వారంలో వీడియోలు కుదించే హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రాము డౌన్‌లోడ్ సర్వర్లలో ఒకదాన్ని దుండగులు ఆక్రమించి, మ్యాక్ వాడేవాళ్లకి అసలు ఫైలు బదులు వైరస్ ఉన్న ఫైలు అంటగట్టారు. చెక్‌సమ్ సరిచూసుకున్నవాళ్లు తప్పించుకున్నారు. ఇమ్‌గ్‌బర్న్‌కి 2013 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు, దాని ఇన్‌స్టాలర్‌తో పాటు ప్రకటనల ప్రోగ్రాము తగిలించి ఇచ్చిన రోజులున్నాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రతి తెరా చదివి, అక్కర్లేని టిక్కులు తీసేయండి.

హ్యాండ్‌బ్రేక్ పని కుదించడం. తాళాలు విప్పదు. మేక్‌ఎంకేవీ ఇచ్చిన ఫైలుని దీనికిస్తే ఫోన్‌కీ టీవీకీ సరిపడా చిన్న ఫైలు ఇస్తుంది. డీవీడీలకి నాణ్యత మీటని 18, 20 మధ్య ఉంచితే కంటికి తేడా తెలియదు. పాత తెలుగు డీవీడీల్లో మనుషులు కదిలినప్పుడు అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తే 'డీకోంబ్' ఆన్ చేయండి. బొమ్మని పెద్దది చేసి హెచ్‌డీ చేసుకోవాలన్న ఆశ పెట్టుకోవద్దు, డిస్కులో లేనిది ఫైలులోకి రాదు.

ఇది చేశాక మొదట తీసిన పెద్ద ఫైలుని చెరిపేయకండి. రెండు పొరల డీవీడీకి 8.5 జీబీ వేసుకున్నా ఒక టెరాబైట్ హార్డ్‌డిస్కులో వందకి పైగా సినిమాలు పడతాయి. చోటు కోసం కక్కుర్తి పడాల్సిన రోజులు పోయాయి. అయితే హార్డ్‌డిస్కు కూడా ఏదో ఒక రోజు ఆగిపోయేదే. కాబట్టి రెండు హార్డ్‌డిస్కుల్లో పెట్టి, ఒకటి ఇంట్లో, రెండోది పుట్టింట్లోనో అన్నదమ్ముల ఇంట్లోనో ఉంచండి. ఏడాదికోసారి రెంటినీ తగిలించి ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. అసలు డిస్కుల్ని అమ్మేయకండి, ఆ కాపీ మీద మీ హక్కుకి ఆధారం అవే.

ఈ ఆదివారం అట్టపెట్టె దించితే వరస ఇలా పెట్టుకోండి. ముందు ఇంట్లో తీసిన వీడియోలు, తర్వాత వీసీడీలు, ఆ తర్వాత ఎక్కడా స్ట్రీమింగ్‌లో దొరకని సినిమాలూ ఆటలూ. ఏ యాప్‌లోనైనా దొరికే సినిమాలకి తొందరేం లేదు, చివర్లో చూసుకోవచ్చు.